మామ్మ లేసుగుడ్డ, మడత విప్పే గౌను, పేరు చెక్కిన పళ్ళెం

క్రిస్మస్ సంచికకి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, స్టార్ ఎలా కట్టాలి, కేకు ఎలా చెయ్యాలి అని అడిగినవాళ్ళు తక్కువ. అమ్మ ఇచ్చిందనో నాన్న తెచ్చారనో ఇంట్లో మిగిలిపోయిన ఒక్కో పండగ కానుక గురించి రాసినవాళ్ళే ఎక్కువ. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నాయి, అందుకని కుదించాను. పేర్లు వెయ్యలేదు.

ప్రశ్న: మా అమ్మ మొన్న ఫిబ్రవరిలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక వచ్చిన తొలి క్రిస్మస్‌కి, 1974లో, నాన్న ఆవిడకి ఒక బైబిలు ఇచ్చారు. మొదటి పేజీలో ఆయన చేతిరాత ఉంది. అంచుల్లో అమ్మ యాభై ఏళ్ళపాటు పెన్సిలుతో రాసుకుంటూ వచ్చింది: మా జ్వరాలు, పరీక్షలు, నాన్న ఆపరేషన్, అన్నీ తేదీలతో సహా. ఇప్పుడు అట్ట ఊడిపోయింది, ఆదికాండం పేజీలు విడిపోతున్నాయి. పెద్దకొడుకుని కాబట్టి నాకే రావాలని అన్నయ్య అంటున్నాడు. చివరి నాలుగేళ్ళు అమ్మని చూసుకున్నది చెల్లి, అది ఏమీ అనట్లేదు గానీ ఏడుస్తోంది. నిజం చెప్పాలంటే నాకూ కావాలని ఉంది. లామినేషన్ చేయించి, కాపీలు తీసి ముగ్గురూ పంచుకోండని మా అబ్బాయి సలహా. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: అమ్మా, ముందు లామినేషన్ ఆపించండి. ఆ ప్లాస్టిక్ వేడికి కాగితానికి అంటుకుపోయిందంటే మళ్ళీ ఊడదు. సెల్లో టేపు కూడా వద్దు. కొన్నేళ్ళకి పచ్చబడి, జిగురు అక్షరాల్లోకి దిగిపోతుంది. పుస్తకాలు కుట్టే మంచి బైండరు దగ్గరికి తీసుకెళ్ళి దారంతోనే కుట్టించండి. అంచులు మాత్రం కత్తిరించొద్దని రెండుసార్లు చెప్పండి, వీలైతే పక్కన కూర్చుని చేయించండి. బైండింగ్ అయ్యాక సమంగా కనపడాలని మూడు వైపులా కోసెయ్యడం చాలామందికి అలవాటు. మా సంఘంలో ఒకావిడ వాళ్ళ నాన్న బైబిలు అలాగే ఇచ్చి వచ్చారు. తిరిగొచ్చిన పుస్తకం కొత్తదానిలా మెరిసిపోతోంది. ఆయన అంచుల్లో రాసుకున్న మాటల్లో మాత్రం ప్రతిదానికీ చివరి రెండక్షరాలు లేవు. ఆవిడ ఆ పుస్తకం పట్టుకుని మందిరం మెట్ల మీద కూలబడిపోవడం నేను చూశాను.

ఇక ఎవరి దగ్గర ఉండాలన్న సంగతి. దానికి ముందు మా ఇంటి కథ ఒకటి చెప్పాలి.

మాది నరసాపురం. 1836లో బౌడెన్ గారూ బీర్ గారూ కుటుంబాలతో గోదావరి జిల్లాకి సువార్త తెచ్చినప్పటి నుంచీ మా వైపు మిషనుతో పాటు పెరిగిన ఊళ్ళు చాలా ఉన్నాయి. తర్వాతి కాలంలో దొరసానులు నేర్పిన లేసుపని ఇంటింటికీ పాకింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మా మామ్మ వేళ్ళే గుర్తొచ్చాయి. కుడిచేతి చూపుడువేలి కొస మీద ఆవిడకి చిన్న గాడి ఉండేది, సూది నొక్కి నొక్కి పడిన గాడి. ఆవిడ పువ్వులు అల్లేది, అతుకు పని పక్కింటి పిన్ని చేసేది. అల్లిందంతా ఏజెంటు పట్టుకుపోయేవాడు, అది ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకునేదో ఆవిడకి తెలీదు. జన్మంతా అల్లినావిడ ఇంట్లో అడుగు లేసు ఉండేది కాదు.

ఒక క్రిస్మస్‌కి తాతయ్య చీర కొనకుండా దారపు ఉండలు కొని తెచ్చారట. "ఇది ఏజెంటుది కాదు, నీది" అన్నారట. ఆ దారంతో మామ్మ ఏడాది పొడుగునా అల్లింది. పగలు కూలి పని, రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర సొంత పని. మరుసటి క్రిస్మస్‌కి బల్లగుడ్డ పూర్తయింది. చుట్టూ ద్రాక్షగుత్తులు, నడుమ ఎనిమిది కోణాల నక్షత్రం. ఏడాదికొక్కసారి, డిసెంబరు 24 రాత్రి, బల్ల మీద పరిచి దానిమీద బైబిలు పెట్టేవాళ్ళు. నా పెళ్ళికి, 1976లో, ఆవిడ దాన్ని నాకిచ్చింది.

నేనేం చేశానంటే, దాచాను. పిల్లలు చిన్నవాళ్ళు, కూర ఒలకబోస్తారని, ఇల్లు చిన్నదని, ఇంకా మంచి రోజు రావాలని. గంజి పెట్టి ఇస్త్రీ చేసి, మడతపెట్టి, కలరా ఉండలు వేసి ఇనప్పెట్టెలో పెట్టాను. 22 ఏళ్ళ తర్వాత మా పెద్దమ్మాయి నిశ్చితార్థానికి తీస్తే, మడతల వెంబడే గోధుమరంగు తుప్పు గీతలు. గంజి రుచి మరిగిన పురుగు నక్షత్రంలో రెండు కోణాలు తినేసింది. అప్పటికి మామ్మ లేదు. ఆ పెట్టె పక్కన నేలమీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. ఆవిడ ఏడాదిపాటు నిద్ర మానుకుని చేసినదాన్ని నేను భద్రం పేరుతో పాడుచేశాను. నా ముగ్గురు పిల్లల్లో ఒక్కరు కూడా దాన్ని బల్ల మీద చూడలేదు. దాని కథ కూడా వాళ్ళకి తెలీదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

తర్వాత లేసుపని చేసే ఒకావిడ బాగున్న భాగాలు విడదీసి, కొత్త అంచు అల్లి, మూడు చిన్న గుడ్డలు చేసి ఇచ్చింది. ముగ్గురు పిల్లలకీ ఆ క్రిస్మస్‌కి తలొకటీ ఇచ్చాను, కథంతా చెప్పి ఇచ్చాను. పెద్దమ్మాయి రోజూ దానిమీదే బైబిలు పెడుతుంది. ఈమధ్య వెళ్ళినప్పుడు చూస్తే ఒక మూల టీ మరక. "సారీ అమ్మా" అంది. ఆ మరక చూస్తే నాకు ఏ బాధా కలగలేదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో దొర్కా చనిపోతుంది. పేతురు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రందరూ ఏడుస్తూ, ఆవిడ తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ ఆయనకి చూపిస్తారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది: ఆ బట్టలు వాళ్ళు కట్టుకుని వచ్చినవే అయ్యుంటాయి. పేదరాండ్రు, పెట్టెలో దాచుకునేంత బట్టలు వాళ్ళకెక్కడివి? మోచేతుల దగ్గర అరిగి, మాసికలు పడిన బట్టలే దొర్కా ప్రేమకి సాక్ష్యం చెప్పాయి.

అందుకని మీ అమ్మగారి బైబిలు చదివేవాళ్ళ ఇంట్లో ఉండాలని నా అభిప్రాయం. ముందుగా మీ చెల్లి దగ్గర ఉండనివ్వండి. సేవ చేసినందుకు కూలిగా కాదు. ఆ నాలుగేళ్ళూ రాత్రిపూట అమ్మకి చదివి వినిపించింది తనే కదా, ఏ వచనం దగ్గర అమ్మ "మళ్ళీ చదువు" అనేదో తనకే తెలుసు. ఆ వచనాల పక్కన తన చేత తేదీలు వేయించండి. అన్నయ్యకి మీరే చెప్పండి, ఫోన్లో వద్దు, ఎదురుగా కూర్చుని. "నాన్న చేతిరాత నీకు ఎంతో, మాకూ అంతే అన్నయ్యా. ప్రతి క్రిస్మస్‌కీ పుస్తకం ఒక ఇంటికి వస్తుంది. ఈ ఏడు నీ ఇంట్లోనే చదువుదాం" అనండి. 24 రాత్రి ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి పెద్ద దాంట్లోంచి లూకా రెండో అధ్యాయం చదవాలి. పిల్లల చేత ప్రతి పేజీనీ ఫోన్లో ఫొటో తీయించండి, పగటి వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా. అంచుల్లో రాసిన ఒక్కో మాట వెనక సంగతి మీ ముగ్గురికి గుర్తున్నంత వరకూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. "జ్వరం, 12 రోజులు, దేవుడు నిలబెట్టాడు" అని ఉంటే ఆ జ్వరం ఎవరిదో మీ మనవలకి ఎవరు చెప్తారు?

పుస్తకాన్ని ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే మన గోదావరి తేమకి బూజు పడుతుంది. ఎండిన వేపాకు గుడ్డ బయట పెట్టండి, పేజీల మధ్య కాదు, మరక దిగుతుంది.

ప్రశ్న: నేను కువైట్‌లో ఇంటిపనికి వచ్చి ఆరేళ్ళయింది. మా పాపకి పదేళ్ళు, రాజోలు దగ్గర మా అమ్మ పెంచుతోంది. ప్రతి క్రిస్మస్‌కీ బొమ్మలు, చాక్లెట్లు, గౌను కార్గోలో పంపిస్తాను. పోయినేడు పంపిన గౌను పట్టలేదు. వీడియో కాల్లో "నాకు ఇవన్నీ వద్దు, నువ్వు రా" అని ముఖం తిప్పేసుకుంది. అప్పు తీరలేదు, రాలేను. నేను వస్తువులిచ్చి ప్రేమ కొంటున్నానా అని రాత్రులు నిద్ర పట్టట్లేదు. దేవుడి ప్రేమ, నా ప్రేమ దానికి తెలిసేలా ఏం పంపాలి?
— ఒక తల్లి

జవాబు: చెల్లీ, నువ్వు ప్రేమ కొనట్లేదు. ఆ టెన్షన్ ముందు మనసులోంచి తీసెయ్యి. "నువ్వు రా" అని బిడ్డ అడిగిందంటే, దానికి కావలసింది ఎవరో దానికి బాగా తెలుసు. ముఖం తిప్పుకున్నది నీమీద కోపంతో కాదు, ఏడుపు నీకు కనపడకూడదని.

హన్నా సంగతి సండే స్కూల్లో వినే ఉంటావు. ఏళ్ళ తరబడి ప్రార్థించి సమూయేలుని కని, పాలు మాన్పించి, షిలోహు మందిరంలో ఏలీ దగ్గర వదిలిపెట్టి వచ్చింది. అక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. మొదటి సమూయేలు రెండో అధ్యాయంలో ఒక చిన్న వచనం ఉంది, చాలామంది గబగబా దాటి వెళ్ళిపోతారు. తల్లి అతనికి చిన్న అంగీ ఒకటి కుట్టి, ఏటేటా బలి అర్పించడానికి వచ్చినప్పుడు తెచ్చి ఇస్తూ వచ్చిందట.

ఏటేటా, అనే మాట చూడు. బిడ్డ కళ్ళెదుట లేడు. ఏడాదికొక్కసారి చూస్తుంది. మరి కొలత ఎలా తెలిసింది? రామాలో తన ఇంటి చుట్టుపక్కల ఆ వయసు పిల్లల్ని చూస్తూ, "మావాడూ ఇంతే అయ్యుంటాడు" అనుకుంటూ కుట్టి ఉంటుంది. ఒక వేలు ఎక్కువ, రెండు వేళ్ళు ఎక్కువ అని లెక్క కట్టుకుంటూ ఏడాదంతా బిడ్డని మనసులో పెంచి ఉంటుంది. ఆ అంగీ తొడుక్కున్నప్పుడు సమూయేలుకి, అమ్మ నన్ను తలుచుకుంటూనే ఉంది అని ఎవరూ చెప్పక్కర్లేదు.

నీకు హన్నా కన్నా ఒక సౌకర్యం ఉంది, ఫోను. ఈసారి గౌను కొనే ముందు మీ అమ్మగారిని అడుగు: పాపని నిలబెట్టి భుజం నుంచి మోకాలి కింద దాకా ఒక దారం, నడుముకి ఒక దారం, చెయ్యి పొడుగు ఒక దారం కొలిచి, టేపు మీద పెట్టి అంకెలు చెప్పమను. పాపనే ఆ దారం చివర పట్టుకోమను. అమ్మ తన కొలత అడుగుతోందని దానికి తెలియాలి. గౌను అడుగున మూడంగుళాల మడత ఎక్కువ ఉండేది కొను, లేకపోతే అక్కడే కుట్టించు. మా అమ్మ మాకు అలాగే కుట్టించేది. ప్రతి ఏడూ పండక్కి ఆ మడత ఒక వరస విప్పేవాళ్ళం. విప్పినచోట రంగు కొంచెం కొత్తగా, గీతలా కనపడేది. "ఇదిగో, ఏడాదిలో ఇంత పెరిగావు, దేవుడు ఇంత పెంచాడు" అని ఆ గీత మీద వేలు పెట్టి చూపించేది. ఆ మడత లోపలి వైపు నీ చేత్తో, నువ్వే, చిన్న నక్షత్రం ఒకటి దారంతో కుట్టు. బాగా రాకపోయినా సరే. ఎవరికీ కనపడదు, విప్పినప్పుడు పాపకి కనపడుతుంది.

ఇంకొకటి. మీ మేడమ్ ఇంట్లో 25న నీకు సెలవు ఉండదని తెలుసు, అక్కడ అది పనిరోజే. మన తెలుగువాళ్ళ ఆరాధన శుక్రవారం జరుగుతుంది కదా. పండక్కి ముందు శుక్రవారం, ఆరాధన అయ్యాక ఏ మూలనో కూర్చుని, లూకా రెండో అధ్యాయం ఒకటి నుంచి ఇరవై వచనాల దాకా నెమ్మదిగా చదివి వాట్సాప్‌లో వాయిస్ పెట్టు. పాప పేరు ముందు పిలిచి మొదలుపెట్టు. "సత్రములో వారికి స్థలము లేనందున" అనే చోట నీకు గొంతు పూడుకుపోవచ్చు. పూడుకుపోతే పోనీ, మళ్ళీ రికార్డు చెయ్యకు. పరాయి ఊళ్ళో, సొంత ఇల్లు కాని చోట బిడ్డని కన్న తల్లి కథ అది, నువ్వు చదివినట్టు ఇంకెవరూ చదవలేరు.

దాని చేత కూడా నీకొకటి పంపించుకో. గౌను తొడుక్కుని తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడితే, మీ అమ్మగారు పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యాలి. దాని ఫొటో నీకు రావాలి. వచ్చే ఏడు మళ్ళీ అక్కడే. నువ్వు వెళ్ళిన రోజు ఆ గోడ దగ్గర ఇద్దరూ నిలబడతారు. ఆ రోజు త్వరగా రావాలని ఈ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ ప్రార్థన చేస్తున్నాను, నీ అప్పు సంగతి కూడా అందులో ఉంది.

ప్రశ్న: మా సంఘానికి వచ్చిన ఒక ప్రసంగీకుడు, జ్ఞానులు కానుకలు యేసుకిచ్చారు గానీ ఒకరికొకరు ఇచ్చుకోలేదు, క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్ళు కానుకలు ఇచ్చుకోవడం వాక్యానుసారం కాదు అన్నారు. మా ఇంట్లో ఇది చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. మానెయ్యాలా?
— ఒక యువకుడు, విజయవాడ

జవాబు: మానక్కర్లేదు బాబూ. ఆయన చెప్పిన మొదటి మాట నిజమే. మత్తయి రెండో అధ్యాయంలో బంగారం, సాంబ్రాణి, బోళం యేసుకే సమర్పించారు. కాకపోతే ఆ వెంటనే ఏం జరిగిందో చూడు: రాత్రికి రాత్రే బిడ్డని తీసుకుని ఐగుప్తుకి పారిపోవాల్సి వచ్చింది. "ఆ బంగారమే దారిఖర్చు అయ్యుంటుంది" అని మా నాన్న అనేవారు. అంటే రాజుకి ఇచ్చిన కానుక ఒక వడ్రంగి కుటుంబాన్ని ఆదుకుందన్నమాట. "మిక్కిలి అల్పులైన ఈ నా సహోదరులలో ఒకనికి మీరు చేసితిరి గనుక నాకు చేసితిరి" అని ఆయనే చెప్పాడు. ఆ లెక్కన అమ్మకి కళ్ళజోడు కొనిచ్చినా యేసుకిచ్చినట్టే.

ఒక్కటి మాత్రం చూసుకో. మీ ఇంట్లో కానుక అందుకోని మనిషి ఎవరైనా ఉన్నారేమో. అంట్లు తోమే ఆవిడ, వాచ్‌మన్, పలకరింపులు ఆగిపోయిన బాబాయి. ఈ ఏడు మొదటి పొట్లం వాళ్ళది కావాలి.

ప్రశ్న: మా నాయిన ప్రతి క్రిస్మస్‌కి మమ్మల్ని మెదక్ చర్చికి తోల్కపోయేటోడు. చీకటితోనే పోయి, ఆరాధన అయినంక కొవ్వొత్తి ముట్టించి, సగం కాలినంక ఆర్పి, "ఇది ఇంటికి దేవుడిచ్చిన కానుక" అని మా అమ్మ చేతిలో పెట్టేటోడు. గట్ల 31 ముక్కలు బిస్కెట్ డబ్బాలో దాచింది అమ్మ. ఇద్దరూ లేరు. పోయిన ఎండాకాలం డబ్బా తెరిస్తే అన్నీ కరిగి ఒకటే ముద్దయినయ్. ఏది ఏ ఏటిదో తెలుస్తలేదు. పారేయబుద్ధి అయితలేదు, ఉంచి ఏం చెయ్యాల్నో సమజైతలేదు.
— ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: అన్నయ్యా, పారెయ్యకండి. ఏ ఏటిదో తెలియకపోవడం నష్టంగా అనిపిస్తోంది మీకు. నాకైతే 31 పండగలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నట్టు కనపడుతున్నాయి.

ఇలా చెయ్యండి. వెడల్పు గిన్నెలో నీళ్ళు కాచి, ఆ నీళ్ళలో చిన్న డబ్బా పెట్టి, మైనాన్ని అందులో కరిగించండి. నేరుగా స్టవ్ మీద మాత్రం వద్దు, మైనం అంటుకుని మండుతుంది. కరిగాక పాత ఒత్తుల మసి పోయేలా పల్చటి గుడ్డలో వడకట్టండి. లావుపాటి నూలుదారం ఒత్తిగా పెట్టి, లోపల నూనె రాసిన స్టీలు గ్లాసులో పోసి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లగా రాదు, కొంచెం బూడిద రంగు ఉంటుంది, ఉండనివ్వండి. 24 రాత్రి దాన్ని వెలిగించి, మీ నాయిన మాటలే మీ పిల్లలకి చెప్పండి. సగం కాలాక ఆర్పండి. 25 తెల్లవారుజామున మెదక్ వెళ్ళి, కొత్త ముక్క ఒకటి తెచ్చి, మిగిలినదానితో కలిపి వచ్చే ఏడు మళ్ళీ పొయ్యండి. అప్పుడు అది ఎప్పటికీ అయిపోదు.

పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు గోపురం ఎత్తు 175 అడుగులని చెప్పి ఊరుకోకండి. కరువు కాలంలో జనానికి ఊరికే అన్నం పెడితే చిన్నబుచ్చుకుంటారని, పని కల్పించి తిండి పెట్టాలని పాస్నెట్ దొరగారు ఆ కట్టడం మొదలుపెట్టించిన సంగతి చెప్పండి. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆకలితో ఉన్నవాళ్ళు మోసిన రాళ్ళవి. పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి కదా, వాటి కింద పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టండి. వెలుతురు పైనుంచి రంగురంగులుగా వాళ్ళ చొక్కాల మీద పడాలంటే సూర్యుడు బాగా పైకి వచ్చేదాకా ఆగాలి.

ప్రశ్న: మేం హిందువులం. మా పక్కింటి టీచరమ్మ గారు ప్రతి క్రిస్మస్‌కీ స్టీలు పళ్ళెంలో కేకు, గులాబీ పువ్వులు, అరిసెలు పెట్టి, పైన లేసుగుడ్డ కప్పి పంపేవారు. సంక్రాంతికి అదే పళ్ళెంలో మేం పిండివంటలు పెట్టి తిరిగి ఇచ్చేవాళ్ళం. ఇరవై ఏళ్ళ అలవాటు. పోయిన క్రిస్మస్ పళ్ళెం మా ఇంట్లో ఉండగానే, సంక్రాంతికి వారం ముందు ఆవిడ పోయారు. పళ్ళెం మీద ఆవిడ పేరు, 25-12-1987 అని చెక్కి ఉంది. పిల్లలు బెంగళూరులో ఉంటారు. తిరిగి ఇచ్చెయ్యాలా? వాళ్ళ పండగ వస్తువు మా ఇంట్లో ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఇది చదివి కాసేపు కలం పక్కన పెట్టేశాను. సంక్రాంతికి ఇద్దామని అరిసెల పిండి కూడా పట్టించి ఉంటారు మీరు.

ఉంచుకోవచ్చా అంటే, ఉంచుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఆవిడ మీకు కానుక ఇచ్చేటప్పుడు మీ మతం అడిగి ఇవ్వలేదు కదా. ప్రతి ఏడూ ఆవిడ తన విశ్వాసాన్ని మీ గుమ్మం దాకా తెచ్చి, తినిపించి, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయారు. ప్రసంగం చెయ్యలేదు. అలాంటి సాక్ష్యం చెప్పగలిగినవాళ్ళు మా సంఘాల్లో ఎంతమంది ఉన్నారా అని ఆలోచిస్తున్నాను.

అయినా ముందు వాళ్ళ అమ్మాయికి ఒకసారి ఫోన్ చెయ్యండి. 1987 క్రిస్మస్‌కి ఆ పళ్ళెం ఆవిడకి ఎవరిచ్చారో అడగండి. భర్త ఇచ్చారో, తల్లి ఇచ్చిందో. ఆ సంగతి మీకు తెలియాలి, మీ దగ్గర ఉన్న ఇరవై ఏళ్ళ సంగతి వాళ్ళకీ తెలియాలి. అమ్మ ప్రతి పండక్కీ పక్కింటికి ఏం పంపేదో, తిరిగి ఏం వచ్చేదో బెంగళూరులో ఉన్న పిల్లలకి అంత బాగా గుర్తుండకపోవచ్చు. పళ్ళెం కావాలని వాళ్ళడిగితే ఇచ్చెయ్యండి. మీ దగ్గరే ఉండనివ్వమంటే, ఈ డిసెంబరు 25న దాంట్లో ఏదైనా తీపి పెట్టి, ఆవిడ ఇల్లు ఇప్పుడు ఎవరికి అద్దెకిచ్చారో వాళ్ళకి పంపండి, పైన గుడ్డ కప్పి.

వాళ్ళు అడిగిన పక్షంలో, కొరియర్లో అయినా సరే, ఖాళీ పళ్ళెం మాత్రం పంపకండి. పోయిన సంక్రాంతికి ఆవిడ కోసం చేద్దామనుకున్న అరిసెలు చేసి, దాంట్లో పెట్టి పంపండి.